ప్రకృతి వైద్యం – మెట్ట ప్రాంతపు గీటురాయి

ఏ వైద్య పద్ధతినైనా రెండు ప్రశ్నలతో పరీక్షించాలి. రోగానికి కారణం ఎక్కడుందని అది చెబుతోంది? ఆ కారణాన్ని తొలగించే బాధ్యత ఎవరి మీద పెడుతోంది? మొదటి ప్రశ్న శాస్త్రానిది. రెండోది సమాజానిది. ప్రకృతి వైద్యం మీద మనవాళ్లు రాసినదాంట్లో చాలా భాగం ఈ రెండు ప్రశ్నల్నీ దాటవేసి, భక్తితోనో వెటకారంతోనో సరిపెట్టుకుంది. భక్తులకు అది వేదకాలపు విజ్ఞానం. వెటకారం చేసేవారికి అది బురద పూసుకునే పిచ్చి. చరిత్ర ఈ రెండు తీర్పుల్నీ ఒప్పుకోదు.

ఆ చరిత్రను పుస్తకాల్లో మాత్రమే చూస్తే చాలదు. ఒక నేల మీద నిలబెట్టి చూడాలి. అందుకు కృష్ణా మెట్ట, అంటే జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతం, తగిన చోటు. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల విభజనలో ఈ రెండూ ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి. అయినా ఇక్కడ చర్చకు ఆ పాత పేరే సరిపోతుంది. ఎందుకంటే ఆ పేరులోనే ఒక చరిత్ర ఉంది. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని దిగువన డెల్టా పచ్చబడింది. అదే జిల్లాలో, అదే నది పక్కన ఉన్న మెట్ట మాత్రం వానకోసం ఆకాశం వైపు చూస్తూ మరో వంద సంవత్సరాలు గడిపింది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్‌లో నెహ్రూ పునాదిరాయి వేస్తే, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఆ ఎడమ కాలువకు ఈ ప్రాంతం చివరి భూములు. చివరి భూముల రైతుకు కాలువ ఉండటం వేరు, కాలువలో నీళ్లుండటం వేరు.

నీళ్లే మందు అని చెప్పే వైద్యాన్ని నీళ్లే సమస్య అయిన నేల మీద పరీక్షించడం అన్యాయం కాదు. నిజానికి అంతకన్న న్యాయమైన పరీక్ష లేదు.

1. అనువాదంతో మొదలైన వైద్యం

సాహిత్య విద్యార్థులు ముందుగా గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. ఆధునిక ప్రకృతి వైద్యం మన దేశంలోకి ఒక అనువాదం ద్వారా వచ్చింది. ఆ అనువాదం తెలుగులో జరిగింది. జర్మనీలోని లైప్‌జిగ్ నగరానికి చెందిన లూయీ కూనే రాసిన గ్రంథాన్ని డి. వెంకటచలపతి శర్మ 1894లో తెలుగు చేశారు. హిందీ, ఉర్దూ అనువాదాలు 1904లో గాని రాలేదు. అంటే ఈ విషయంలో మన భాష దేశానికి పదేళ్లు ముందు నడిచింది.

కూనేకు వైద్య పట్టా లేదు. 1883లో లైప్‌జిగ్‌లో చికిత్సాలయం తెరిచాడు. ఆయన సిద్ధాంతం సులభమైనది. రోగాలు పేరుకు వేయి అయినా మూలం ఒక్కటే. శరీరంలో పేరుకుపోయిన మలిన పదార్థమే ఆ మూలం. దాన్ని తొట్టి స్నానంతో, ఆవిరి స్నానంతో, మాంసం లేని సాదా తిండితో బయటికి పంపితే చాలు. ఆయనకు ముందు ప్రీస్నిట్జ్ అనే రైతు చన్నీళ్లతోను, క్నైప్ అనే మతాచార్యుడు నీళ్లతోను మూలికలతోను వైద్యం చేశారు. ఆయన తర్వాత అడాల్ఫ్ జుస్ట్ మట్టిని మందుగా చేశాడు.

ఇది ఆ కాలంలో, ఆ దేశాల్లో ఎందుకు పుట్టింది? ఒక పక్క ఫ్యాక్టరీల పొగలో కొత్త నగరాలు లేచాయి. మరో పక్క నెత్తురు తీయడం, పాదరసం తినిపించడం వంటి చికిత్సలు జనాన్ని బెదరగొట్టిన రోజులు ఇంకా మరుపుకు రాలేదు. వైద్యుడికి భయపడి, నగరానికి విసిగి, గాలికీ వెలుతురుకూ మొహం వాచిన మధ్యతరగతి వేసిన కేకే ప్రకృతి వైద్యం. ఆ కేకలో నిజం ఉంది. కాని కాలాన్ని కూడా గమనించాలి. కూనే చికిత్సాలయం తెరవడానికి సరిగ్గా ఏడాది ముందు, 1882లో, రాబర్ట్ కాఖ్ క్షయ క్రిమిని కనిపెట్టాడు. 1884లో కలకత్తాలో కలరా క్రిమిని నిర్ధారించాడు. ఒకే దేశం, ఒకే దశాబ్దం. ఒకరు రోగానికి మూలం సూక్ష్మదర్శిని కింద చూపించారు, మరొకరు సూక్ష్మదర్శినే అక్కర్లేదన్నారు. ప్రకృతి వైద్యం ఆ రోజు తీసుకున్న పక్షం తాలూకు బరువును ఇవాళ్టికీ మోస్తోంది.

కనుక ఇది వేదాల నుంచి దిగివచ్చింది కాదు, లైప్‌జిగ్ నుంచి ఓడ మీద వచ్చింది. అలా అని మన నేలకు పూర్తిగా పరాయిదీ కాదు. జగ్గయ్యపేట పక్కన ధనంబోడు గుట్ట మీది బౌద్ధ స్తూపాన్ని 1882లో బర్జెస్ తవ్వించాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలపు శాసనాలు అక్కడ దొరికాయి. ఆ స్తూపాన్ని కొలిచిన భిక్షువుల నియమాలు చెప్పే వినయ పిటకంలో రోగికి సేవ చేయడం ధర్మంగా ఉంది. జంతాఘరమనే ఆవిరి గది ఉంది. నేయి, వెన్న, నూనె, తేనె, బెల్లం మందులుగా ఉన్నాయి. చెమట పట్టించడం, పథ్యం పెట్టడం, పొట్ట మాడ్చడం మనవాళ్లకు ఎవరో వచ్చి నేర్పవలసినవి కావు. అయితే ఇవి అలవాట్లు, అనుభవాలు. అన్ని రోగాలకూ ఒకటే మూలం అనే సిద్ధాంతం వీటిలో లేదు. అలవాటు మనది, సిద్ధాంతం వాళ్లది. ఈ రెండింటినీ కలిపేసి ప్రాచీనత ముద్ర వేయడం తర్వాతి వాళ్ల పని.

ఆ ముద్ర వేయడానికి ‘ప్రకృతి’ అనే మాట బాగా అక్కరకొచ్చింది. ఆయుర్వేదంలో ప్రకృతి అంటే వాత పిత్త కఫాల పాళ్లను బట్టి మనిషికి ఏర్పడిన దేహతత్వం. ఈ కొత్త వైద్యంలో ప్రకృతి అంటే మనిషికి వెలుపల ఉన్న గాలి, నీరు, నేల, ఎండ. ఒకే మాట కావడం వల్ల రెండు వేరు సంగతులు ఒకటిగా చలామణి అయ్యాయి. ఇక మన వ్యాకరణంలో ప్రకృతికి జోడు వికృతి. ‘వైద్యుడు’ ప్రకృతి అయితే ‘వెజ్జు’ వికృతి. అక్కడ వికృతి అంటే చెడిపోయింది అని కాదు. జనం నోట నలిగి జనానిదైంది అని. ప్రకృతి వైద్యానికి మాత్రం వికృతి అంటే మనిషి చేసిన తప్పు. ఈ తేడాను గుర్తు పెట్టుకోవాలి. విమర్శకు వచ్చేసరికి అది పని చేస్తుంది.

2. ఆశ్రమం నుంచి ప్రభుత్వ గడప దాకా

ఈ వైద్యానికి దేశంలో పరువు తెచ్చినవారు గాంధీ. కూనే, జుస్ట్ పుస్తకాలు ఆయన దక్షిణాఫ్రికాలోనే చదివారు. మట్టి పట్టీలు, తొట్టి స్నానాలు తన మీదా తనవారి మీదా ప్రయోగించారు. 1909లో ‘హింద్ స్వరాజ్’లో ఆస్పత్రుల్ని ఖండించిన గాంధీయే 1924 జనవరిలో పుణె సాసూన్ ఆస్పత్రిలో కర్నల్ మాడక్ చేత అపెండిసైటిస్ ఆపరేషన్ చేయించుకున్నారు. 1944లో ఆగాఖాన్ భవనంలో కస్తూరిబా చివరి ఘడియల్లో ఉన్నప్పుడు కొడుకు తెప్పించిన పెన్సిలిన్ సూదులు ఇవ్వడానికి ఆయన సమ్మతించలేదు. ఈ సంఘటనల్ని ఆయనను నిందించడానికో పొగడటానికో వాడుకోనక్కర్లేదు. ఒక సిద్ధాంతం ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎంత కఠినంగా మారుతుందో, ఎక్కడ సడలుతుందో ఇవి చూపిస్తాయి.

గాంధీ వేసిన మరొక అడుగు మనకు ఇంకా ముఖ్యం. 1945 నవంబర్‌లో పుణెలో దిన్షా మెహతా చికిత్సాలయం ఆధారంగా ట్రస్టు ఏర్పరచారు. కొద్ది నెలల్లోనే ఆయనకు తెలిసివచ్చింది: నగరంలో కూర్చుంటే బీదవాడు రాడు. 1946 మార్చిలో ఉరుళి కాంచన్ అనే గ్రామానికి వెళ్లి అక్కడ నిసర్గోపచార ఆశ్రమం ప్రారంభించారు. దాన్ని నిలబెట్టిన మణిభాయి దేశాయి తర్వాత ఏం చేశారు? రోగుల్ని తొట్టిలో కూర్చోబెట్టడంతో ఆగలేదు. తోటలు, పశువులు, పాడి పట్టుకున్నారు. 1967లో అదే ఊరినుంచి వ్యవసాయాభివృద్ధి సంస్థ ‘బైఫ్’ పుట్టింది. తిండి లేని ఊళ్లో వైద్యం సేద్యంగా మారక తప్పలేదు. ప్రకృతి వైద్య చరిత్రలో అన్నిటికన్న పెద్ద పాఠం ఇదే. ఆ వృత్తి నేర్చుకోకుండా వదిలేసిన పాఠమూ ఇదే.

మన ప్రాంతంలో 1949లో డాక్టర్ వెంకటరావు, డాక్టర్ విజయలక్ష్మి దంపతులు హైదరాబాద్‌లో ప్రకృతి చికిత్సాలయం నెలకొల్పారు. 1970లో దానికి అనుబంధంగా గాంధీ పేరిట కళాశాల వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం డిప్లొమా ఇచ్చింది. ఆశ్రమవాసుల సేవగా ఉన్నది అప్పటినుంచి చదువు అయింది. చదువు కనుక బతుకుదెరువు కూడా అయింది. నేడు ఆ చదువు బి.ఎన్.వై.ఎస్. పట్టా. నాలుగున్నరేళ్ల పాఠాలు, ఏడాది శిక్షణ, మొత్తం ఐదున్నరేళ్లు. శరీర నిర్మాణ శాస్త్రం, రోగ నిర్ధారణ శాస్త్రం అన్నీ చదవాలి.

కాని ప్రభుత్వం ఈ వృత్తిని లోపలికి రమ్మంటూనే గడప మీద నిలబెట్టింది. 1970 కేంద్ర చట్టం ఆయుర్వేదం, సిద్ధ, యునానీలకు మండలి ఏర్పరచింది. 1973 చట్టం హోమియోపతికి ఏర్పరచింది. ప్రకృతి వైద్యానికి రెండింటిలోనూ చోటు లేదు. 1978లో పరిశోధనా మండలి వచ్చింది, 1986లో పుణెలో జాతీయ సంస్థ వచ్చింది, 2014లో ఏర్పడిన ఆయుష్ మంత్రిత్వ శాఖ పేరులో అక్షరం కూడా దక్కింది. 2020 నాటి భారతీయ వైద్య పద్ధతుల జాతీయ కమిషన్ చట్టం మాత్రం మళ్లీ దీన్ని బయటే ఉంచింది. నమోదు, నియంత్రణ రాష్ట్రాల ఇష్టాయిష్టాల మీద ఆధారపడ్డాయి. దీని ఫలితం ఏమంటే, ఐదున్నరేళ్లు చదివినవాడూ, పది రోజుల శిబిరానికి వెళ్లివచ్చిన వాడూ ఒకే రకం బోర్డు కట్టుకుంటే జనానికి తేడా తెలియదు.

3. వృత్తి ఇచ్చేది, వృత్తి అడిగేది

ఆ పట్టా పొందిన యువ వైద్యుడు ఒకడు నందిగామలో ఆస్పత్రి తెరిచాడనుకుందాం. అతనికి దక్కేదేమిటి?

అన్నిటికన్న ముందు, రోగితో గడిపే సమయం. పెద్దాస్పత్రి డాక్టరు ముందు రోగి నిలబడే సమయం, చీటీ రాయడానికి పట్టే సమయం ఒక్కటే. ప్రకృతి వైద్యుడు రోగి ఏం తింటున్నాడో, ఎప్పుడు పడుకుంటున్నాడో, ఏం పని చేస్తున్నాడో అడగకుండా వైద్యం మొదలుపెట్టలేడు. రెండోది, అతను రోగిని విద్యార్థిని చేస్తాడు. మందు ఎప్పుడూ అంగట్లో ఉండదనీ, కొంత తన చేతిలోనూ ఉంటుందనీ రోగి నేర్చుకుంటాడు. మందుల కంపెనీలు, పరీక్షా కేంద్రాలు, బెజవాడకూ హైదరాబాద్‌కూ నడుమ రహదారి పొడవునా రోగికోసం కాచుకున్న కార్పొరేట్ ఆస్పత్రులు ఉన్న ఈ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. మూడోది, రక్తపోటు, స్థూలకాయం, మధుమేహం వంటి జబ్బుల్లో అతని సలహాకు శాస్త్రం బలం కూడా ఉంది. రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. 2006లో వెలువడిన భారత మధుమేహ నివారణ అధ్యయనంలో తిండి, నడక మార్చుకున్న వారిలో జబ్బు వచ్చే అవకాశం సుమారు 28 శాతం తగ్గింది. అయితే ఆ ఘనత పరీక్షించి చూసిన పద్ధతిది. మలిన పదార్థ సిద్ధాంతానిది కాదు. ఈ తేడా తెలిసిన వైద్యుడే మంచి వైద్యుడు.

ఇక వృత్తి అడిగేది. మెట్ట పల్లెలో ఆర్.ఎం.పి.యే డాక్టరు. అర్ధరాత్రి పిలిస్తే వచ్చేవాడు, అప్పుపెట్టేవాడు అతనే. అతని చేతిలో సూది ఉంది, సెలైన్ సీసా ఉంది. కూలివాడికి రేపు పొద్దున్నే మిరపకోతకు పోవాలి. వాడికి కావలసింది ఒక్క పూటలో లేచి నిలబడటం. వాడితో ‘నలభై రోజులు పథ్యం చెయ్యి, రోజూ తొట్టి స్నానం చెయ్యి’ అంటే వాడు వినకపోవడం మూర్ఖత్వం కాదు. అది వాడి లెక్క. సూది మందు మీద జనానికున్న మోజును వెక్కిరించేవారు, దాని వెనక ఒక రోజు కూలి ఉందని మరిచిపోతారు.

దాంతో నందిగామ వైద్యుడికి రెండే దారులు మిగులుతాయి. ఒకటి, గిరాకీ లేని నిజాయితీతో అర్ధాకలి బతుకు. రెండోది, తీరిక, డబ్బు ఉన్న రోగుల్ని వెతుక్కుంటూ నగరానికి, నది ఒడ్డు ఆరోగ్యాశ్రమాలకు వలస. అక్కడ గది అద్దెకు, రసానికి, మర్దనకు వెల ఉంటుంది. బీదవాడు పుణెకు రాలేడని గ్రహించి గాంధీ పల్లెకు పోతే, ఆయన పేరు చెప్పుకున్న వృత్తి పల్లెనుంచి తిరిగి నగరానికే చేరింది. ఇది వైద్యుల వ్యక్తిగత స్వార్థం వల్ల జరిగింది కాదు. కొనగలిగినవాడి చుట్టూ వైద్యాన్ని తిప్పే వ్యవస్థలో ఏ వైద్యమైనా అలాగే తిరుగుతుంది.

4. విమర్శ ఎక్కడ తగలాలి

ప్రకృతి వైద్యం మీద శాస్త్రజ్ఞుల విమర్శ స్పష్టమైనది. అన్ని రోగాలకూ ఒకటే మూలం అనే మాట నిలవదు. చికిత్సలో రోగం తగ్గితే వైద్యం గొప్ప, ముదిరితే మలినం బయటికి వస్తున్న గుర్తు అనే వాదనకు ఓటమే లేదు. ఓటమి లేని వాదన శాస్త్రం కాదు. ఇన్సులిన్ లేనిదే బతకలేని పిల్లవాడికి ఇన్సులిన్ మాన్పిస్తే రోజుల్లో ప్రాణం పోతుంది. మూత్రపిండాలు చెడినవాడికి అందరికీ ఇచ్చినట్టే కొబ్బరినీళ్లు, పండ్లరసాలు పోస్తే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగవచ్చు. ఇది ఊహకందని ప్రమాదం కాదు. ఇదే మెట్టలో, నందిగామకు ఈశాన్యంగా ఉన్న ఎ.కొండూరు మండలం తండాల్లో మూత్రపిండాల జబ్బు ఎందరినో పడగొట్టింది. కారణం ఇదేనని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు గాని, తాగునీటి మీది అనుమానం బలమైనది. చివరికి కృష్ణా నీళ్లను గొట్టాల ద్వారా తెచ్చే పథకం చేపట్టవలసి వచ్చింది. అక్కడ నీటి వైద్యం అంటే తొట్టి కాదు, కుళాయి.

ఈ విమర్శ అవసరమే గాని ఇంతటితో ఆగకూడదు. ఎందుకంటే మన రెండో ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. రోగి ప్రకృతి ధర్మాన్ని అతిక్రమించాడు, అందుకే రోగం వచ్చింది అంటుంది ఈ వైద్యం. ఎవరు అతిక్రమించారు? వేసవి వచ్చిందంటే వాతావరణ శాఖ లెక్కల్లో నందిగామ పేరు ముందు వరసలో ఉంటుంది. ఆ ఎండలో పొలంలో నిలబడ్డ ఆడకూలి ఏ ధర్మం తప్పింది? పత్తికీ మిరపకూ పురుగుమందు కొట్టి, ఆ చేతులతోనే అన్నం తిన్న కౌలురైతు ఏ నియమం మీరాడు? సున్నపురాయి క్వారీల్లో, సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర దుమ్ము పీల్చే జగ్గయ్యపేట కార్మికుడికి ప్రాణాయామం నేర్పితే ఎవరికి లాభం? అతని ఊపిరితిత్తులకు కావలసింది శ్వాస మీద పాఠం కాదు, శ్వాసించదగిన గాలి.

‘లంఖణం పరమౌషధం’ అన్న సామెత అందరికీ తెలుసు. కాని తెలుగులో లంఖణం వేరు, పస్తు వేరు. ఇంట్లో బియ్యం ఉండి తినకపోవడం లంఖణం. లేక తినకపోవడం పస్తు. కడుపులో మంట రెండింటికీ ఒక్కటే అయినా, భాష ఆ రెండింటినీ ఎన్నడూ కలపలేదు. వైద్య సిద్ధాంతం కలిపేసింది. సాగర్ నీళ్లు రాకముందు జొన్నకూడు తిని నడిచి బతికిన మెట్ట పేదకు ప్రకృతి జీవనం ఎవరూ బోధించలేదు. వాడు దాన్ని వదిలించుకోవాలని చూశాడు. అదే జొన్న ఇవాళ ఆరోగ్యాహారమై నగరంలో ఎక్కువ ధరకు అమ్ముడవుతుంటే, వాడికి రేషన్ బియ్యం మిగిలాయి.

జర్మనీలోనే కూనేకు ఎన్నో ఏళ్లు ముందు, 1848లో, రుడాల్ఫ్ విర్హో అనే యువ వైద్యుడు ఎగువ సైలీషియాలో టైఫస్ వ్యాధిని పరిశీలించడానికి వెళ్లాడు. తిరిగివచ్చి అతను రాసిచ్చిన మందు ఏమిటి? చదువు, స్వేచ్ఛ, తిండి, పనికి తగ్గ వేతనం. రోగం శరీరంలో ఉన్నా మూలం సమాజంలో ఉండవచ్చునని చెప్పిన ఆ చూపు మన తెలుగులోకి 1894లో రాలేదు. కూనే వచ్చాడు, విర్హో రాలేదు. ఏ పుస్తకం అనువాదమవుతుంది, ఏది కాదు అనేది రుచికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదని సాహిత్యకారులు ఇక్కడ గమనించాలి.

నీళ్లతో వైద్యం చేసి కోట్ల ప్రాణాలు నిలబెట్టిన ఘటన మన పక్కనే జరిగింది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు బనగావ్ శిబిరాల్లో కలరాతో రాలిపోతున్నప్పుడు, సెలైన్ అయిపోయిన స్థితిలో, డాక్టర్ దిలీప్ మహలనబీస్ నీళ్లలో ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపి డ్రమ్ముల్లో నింపి తాగించారు. శిబిరంలో సుమారు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకు పడిపోయాయి. వాడినవి కారు చౌక వస్తువులు. తల్లులే పిల్లలకు పట్టగలిగిన మందు. ప్రకృతి వైద్యం కలగన్న సులువు, చౌక, స్వావలంబన అన్నీ అందులో ఉన్నాయి. అయితే పేగు ఉప్పునూ చక్కెరనూ ఎలా పీల్చుకుంటుందో ప్రయోగశాలలో తేల్చిన తర్వాతే అది పుట్టింది. సూక్ష్మదర్శినిని కాదంటే ఆ నీళ్లు మందు అయ్యేవి కావు. ప్రజా వైద్యానికీ ప్రకృతి వైద్యానికీ ఉన్న తేడా ఇక్కడ బయటపడుతుంది.

5. రచయితల పని

ప్రకృతి వైద్యాన్ని తోసిపారేయమని ఈ చర్చ సారాంశం కాదు. రోగి మాట వినడం, తిండినీ పనినీ అడగడం, అనవసరమైన మందును వద్దనడం ఈ వృత్తి కాపాడుకొచ్చిన మంచి అలవాట్లు. వాటిని అన్ని వైద్యాలూ నేర్చుకోవాలి. పరీక్షకు నిలవని సిద్ధాంతాన్ని మాత్రం ఈ వృత్తి తనంత తాను వదులుకోవాలి. రోగిని అడిగే ప్రశ్నల జాబితాలో ఇంకొన్ని చేర్చుకోవాలి. నీ బావి నీళ్లు ఎవరు పరీక్షించారు? నీ కూలి ఎంత? నీకు సెలవు ఎవరిస్తారు? ఉరుళి కాంచన్‌లో ఒక ఆశ్రమం ఆ దారిన కొంత దూరం నడిచి చూపింది.

మన కథల్లో వైద్యుడు దేవుడుగానో దొంగగానో వస్తాడు. ఐదున్నరేళ్లు చదివి, మెట్టలో బోర్డు కట్టి, తన దగ్గర ఉన్న మంచి సలహాను పాటించే తీరిక తన ఊరివాళ్లకు లేదని రోజు రోజుకూ తెలుసుకునే మనిషి ఇంకా మన సాహిత్యంలోకి రావలసే ఉంది. అతని ఎదురుగా కూర్చున్న ఆడకూలి కూడా రావాలి. నీళ్లు ఎక్కువ తాగమని అతను చెబుతాడు. బిందె పట్టుకుని ఎంత దూరం నడవాలో ఆమె చెబుతుంది. ఆ సంభాషణను ఉన్నదున్నట్టు రాయగలిగితే, వైద్యానికి సంబంధించిన మన రెండు ప్రశ్నలకూ జవాబు అందులోనే దొరుకుతుంది.